నత్త నుంచి చేపకు, చేప నుంచి కొంగకు

మంచినీటి చేప శరీరంలో పురుగు చేరని అవయవం దాదాపు లేదనే చెప్పాలి. మొప్పల పోగుల మధ్య, చర్మం మీది జిగురులో, పేగులో, కాలేయంలో, రక్తనాళాల్లో, మెదడును కప్పిన పొరల్లో, చివరికి కంటి కటకంలో సైతం ఏదో ఒక జాతి పురుగు స్థిరపడి బతుకుతుంది. భారతదేశపు నదుల్లోను చెరువుల్లోను దొరికే వాలుగ చేప గాలితిత్తిని కోసి చూస్తే కొన్ని సెంటీమీటర్ల పొడవున చదునుగా పరుచుకొని ఉండే ఐసోపారార్కిస్ అనే పెద్ద పురుగు తరచుగా కనిపిస్తుంది. ఇలా మరొక ప్రాణి శరీరాన్ని ఆశ్రయించి దాని పోషకాల మీద బతికే జీవిని పరాన్నజీవి అనీ, ఆశ్రయమిచ్చిన ప్రాణిని ఆతిథేయి అనీ అంటారు. పురుగు ఉన్నంత మాత్రాన చేప జబ్బుపడిందని అనుకోనక్కరలేదు. సహజ జలాల్లో చాలా చేపల్లో పురుగులు ఏవో కొద్దిగా ఉంటాయి లేదా అసలే ఉండవు. మొత్తం పురుగుల్లో అధికభాగం కొద్దిపాటి చేపల్లోనే పోగుపడి ఉంటుంది. ఈ అసమాన పంపిణీ పరాన్నజీవుల లోకంలో ఇంచుమించు అంతటా కనిపించే లక్షణమని హెచ్.డి. క్రాఫ్టన్ 1971లో గణితరీత్యా వివరించాడు.

చేపల రైతులు పురుగు అని పిలిచేవన్నీ శాస్త్రం లెక్కలో పురుగులు కావు. ఆంధ్రప్రదేశ్ చెరువుల్లో అందరికీ తెలిసిన చేప పేను, చర్మంలోకి కొక్కెంలాంటి తలను దించుకొని వేలాడే లంగరు పురుగు, ఈ రెండూ రొయ్యకూ పీతకూ దూరపు బంధువులు. ఈ అధ్యాయంలో చెప్పుకునే పురుగులు వేరు. చేప ఒంటిమీదనో మొప్పల మీదనో కొక్కేలతో అంటిపెట్టుకొని జీవితమంతా ఒకే ఆతిథేయితో గడిపే మోనోజీనియన్లు, అనేక ఆతిథేయులు మారుతూ పెరిగే జలగ పురుగులు, ఖండాలు ఖండాలుగా సాగే బద్దె పురుగులు, గుండ్రటి పురుగులు, ముళ్లున్న తొండాన్ని పేగు గోడలో గుచ్చుకొని ఉండే ముళ్లతల పురుగులు ఇందులోకి వస్తాయి. గొర్రెల కాపరులు కార్జపు జలగ అని పిలిచే పురుగు రెండో జాబితాకు చెందినదే. రక్తం తాగే అసలు జలగతో దానికి చుట్టరికం లేదు.

మోనోజీనియన్ల జీవితం సూటిగా సాగుతుంది కనుక వాటి వ్యాప్తి కూడా సూటిగానే ఉంటుంది. కార్పు జాతి పిల్లల మొప్పలను పట్టే డాక్టైలోగైరస్ గుడ్లు పెడుతుంది, గుడ్డు నుంచి వెలువడిన డింభకం నీటిలో ఈదుతూ మరో చేప మొప్పను వెతుక్కుంటుంది. పురుగులు ఎక్కువైతే మొప్పల పోగులు వాచి, జిగురు పేరుకుపోయి, చేపపిల్ల నీటి ఉపరితలానికి వచ్చి నోరు తెరుస్తూ ఊపిరాడక చస్తుంది. దీనికి దగ్గరి చుట్టమైన గైరోడాక్టైలస్ గుడ్లు పెట్టకుండా పిల్లను కంటుంది. తల్లి కడుపులో పిల్ల, ఆ పిల్ల కడుపులో అప్పటికే రూపుదిద్దుకుంటున్న మరో పిల్ల ఉండడం వల్ల, అర మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉండే ఒకే ఒక్క పురుగు కొద్ది వారాల్లో ఒక చేపను కప్పేయగలదు. ఇక డిప్లోజూన్ అనే పురుగు సంగతి జీవలోకంలోనే అరుదు. కార్పు జాతి చేపల మొప్పల మీద రెండు పిల్ల పురుగులు ఒకదానికొకటి ఎదురుపడి, నడుముల దగ్గర అడ్డంగా అతుక్కుని, ఇక ఎన్నటికీ విడిపోకుండా ఒకే శరీరంగా బతుకుతాయి, జోడు దొరకని పిల్ల పెద్దది కాకుండానే చనిపోతుంది.

ఒకే ఆతిథేయిపై ఆధారపడిన పురుగు ఎంత నష్టం చేయగలదో నార్వే దేశపు సాల్మన్ నదులు చూపించాయి. బాల్టిక్ సముద్రంలో కలిసే నదుల సాల్మన్ చేపలు గైరోడాక్టైలస్ సలారిస్ అనే పురుగును తరతరాలుగా ఎరిగినవి గనుక దాన్ని చాలావరకు తట్టుకుంటాయి. పెంపకం కోసం స్వీడన్ నుంచి తెచ్చిన చేపలతో పాటు ఆ పురుగు నార్వేకు చేరి 1975లో బయటపడింది. అక్కడి అట్లాంటిక్ సాల్మన్ దానిని ఎన్నడూ చూసి ఉండకపోవడంతో పురుగు చేరిన నదుల్లో పిల్ల సాల్మన్లు మూకుమ్మడిగా చనిపోయాయి. సుమారు 50 నదులకు అది పాకింది. చేప లేకుండా పురుగు బతకలేదన్న ఒక్క సూత్రం మీద ఆధారపడి, నార్వే ప్రభుత్వం నది తరువాత నదిలో రొటినోన్ అనే విషం కలిపి ఉన్న చేపలన్నిటినీ చంపి, ముందే సేకరించి భద్రపరచిన స్థానిక సాల్మన్ వంశాన్ని తిరిగి పెంచి వదిలింది. ఒక పురుగును తెలియక తరలించినందుకు నదులనే ఖాళీ చేయవలసి రావడం కన్నా పెద్ద మూల్యం మరొకటి ఊహించడం కష్టం. తూర్పు ఆసియా నుంచి గడ్డి చేపతో పాటు ప్రపంచమంతా తిరిగిన ఆసియా బద్దె పురుగు కూడా ఇదే పాఠాన్ని మళ్లీ చెప్పింది.

జలగ పురుగుల దారి ఇంత సూటి కాదు, వాటిని అర్థం చేసుకోవడానికి ప్రాణిశాస్త్రానికి చాలా కాలం పట్టిన కారణం కూడా అదే. తెలంగాణ రాష్ట్ర చేపగా గుర్తింపు పొందిన కొర్రమీనులోను, దాని చిన్న బంధువు మట్టగిడసలోను, కాలేయం మీద, మూత్రపిండాల దగ్గర, ఒక్కొక్కప్పుడు కండలో కనిపించే బొడిపెలను తీసుకుంటే సంగతి బోధపడుతుంది. ఆ బొడిపెను జాగ్రత్తగా చీలిస్తే లోపల ముడుచుకొని ఉన్న పురుగు మెల్లగా కదులుతుంది. అది యూక్లైనోస్టోమమ్ అనే జలగ పురుగు డింభకం. కొంచెం పసుపు రంగులో ఉండే క్లైనోస్టోమమ్ డింభకాలు కూడా అనేక మంచినీటి చేపల్లో ఇలాగే ఉంటాయి. ఇవి చేపలో ఎన్నాళ్లున్నా గుడ్లు పెట్టవు. వీటి పెద్ద రూపం కొంగ జాతి పక్షుల నోటిలోను గొంతులోను నివసిస్తుంది. పక్షి నీటిలో ముక్కు ముంచినప్పుడు గుడ్లు కడుక్కుపోయి నీటిలో పడతాయి; గుడ్డు నుంచి మిరాసిడియం అనే, సన్నని నూగుతో ఈదే తొలి డింభకం వెలువడి నత్తను వెతుక్కొని దాని శరీరంలోకి చొచ్చుకుపోతుంది. నత్త లోపల అది స్పోరోసిస్ట్ అనే సంచిగా మారుతుంది, సంచిలో రీడియాలు అనే మరో తరం, రీడియాల్లో సర్కేరియాలు అనే తోక డింభకాలు పుడతాయి. ఈ దశల్లో ఎక్కడా ఆడ, మగ కలయిక ఉండదు. ఒక్క మిరాసిడియం నుంచి చివరకు వేల సర్కేరియాలు బయటకు వస్తాయి; అవి తోకతో ఈదుతూ చేపను తాకి, తోక వదిలేసి చర్మంలోకి దూరి, చేప శరీరం తనను తాను కాపాడుకోవడానికి కట్టిన గోడ నడుమ మెటాసర్కేరియా అనే నిరీక్షణ దశలో స్థిరపడతాయి. ఆ చేపను కొంగ మింగితే జీర్ణరసాలకు గోడ కరిగి, పిల్ల పురుగు కొన్ని గంటల్లోనే అన్నవాహిక వెంట పైకి పాకి గొంతు చేరుతుంది.

సర్కేరియాకు నోరారా తినే అవకాశం లేదు. తనలో నిలువచేసుకున్న శక్తి అయిపోయేలోపు, అంటే ఒకటి రెండు రోజుల్లో చేప దొరకాలి, దొరికిన ఆ చేపను తగిన పక్షి తినాలి. ప్రతి మజిలీలోను అసంఖ్యాకంగా నశించిపోతాయి గనుకనే నత్తలో ఇంత విస్తారమైన పెంపకం సాగుతుంది. ఐరోపాలో గల్ అనే సముద్రపు కాకులు విసర్జించే పురుగు గుడ్ల నుంచి మొదలై లిమ్నియా నత్తల ద్వారా చేపలకు చేరే డిప్లోస్టోమమ్ అనే జలగ పురుగు విషయంలో ఒక్కొక్క నత్త రోజుకు పదివేలకు మించి సర్కేరియాలను వదలగలదని గుర్తించారు. అవి చేపలో చొరబడిన ఒక రోజులోపే కంటి కటకానికి చేరుకుంటాయి. కటకానికి రక్తనాళాలు లేవు, అందువల్ల చేప రక్షణ కణాలు అక్కడికి రాలేవు. పురుగులు కూడిన కటకం తెల్లబడి చేపకు శుక్లం వస్తుంది, చూపు మందగించిన చేప నీటి పైపైనే తిరుగుతూ పక్షి కంట పడుతుంది.

ఇలాంటి జీవితచక్రాలను గుర్తించడం ఎంత ఓపికతో కూడిన పనో చెప్పడానికి విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం మంచి ఉదాహరణ. అక్కడి ప్రాణిశాస్త్రవేత్త ఆర్. మాధవి మట్టగిడస జీర్ణాశయంలో ఉండే జెనార్కాప్సిస్ గోప్పో అనే జలగ పురుగు జీవితచక్రాన్ని 1978లో ప్రకటించారు. అందులో చేపే అంతిమ ఆతిథేయి, అంటే పురుగు పెద్దదై గుడ్లు పెట్టే చోటు. నత్తకూ చేపకూ మధ్య సైక్లాప్స్ వంటి సూక్ష్మ జలచరం వారధిగా నిలుస్తుంది. నత్తలను సీసాల్లో విడివిడిగా ఉంచి, ఏ నత్త ఏ డింభకాన్ని వదులుతుందో చూసి, ఆ డింభకాన్ని శుభ్రమైన జలచరానికి, దాన్ని శుభ్రమైన చేపకు తినిపించి, పురుగు ఎదిగిన తీరును దినదినం గమనిస్తేగాని ఇటువంటి చక్రం తేలదు. తెలుగు నేల మీద జరిగిన ఈ కృషికి తెలుగు పాఠకుల్లో రావలసినంత గుర్తింపు రాలేదు.

బద్దె పురుగుల విషయంలో ఈ పద్ధతికి నాంది 18వ శతాబ్దిలోనే పడింది. డెన్మార్క్ పశువైద్యుడు పీటర్ క్రిస్టియన్ అబిల్‌గార్డ్ స్టికిల్‌బ్యాక్ అనే చిన్న చేప పొట్టలోని పురుగును బాతులకు తినిపించి, అది బాతు పేగులో ఎదగడం చూసి 1790లో ఆ సంగతి ప్రకటించాడు. రెండు వేర్వేరు పురుగులుగా కనిపించేవి ఒకే పురుగు రెండు వయసులని ప్రయోగం ద్వారా తేలింది. స్కిస్టోసెఫాలస్ అనే ఆ పురుగు సైక్లాప్స్ వంటి జలచరం ద్వారా చేపలోకి వచ్చి, దాని పొట్టలో కొన్ని నెలల్లో ఎంత పెరుగుతుందంటే ఒక్కొక్కప్పుడు పురుగుల బరువు చేప సొంత బరువుతో సమానమవుతుంది. పురుగు పెద్దదయ్యాక చేప ప్రవర్తన కూడా మారి, కొంగ నీడ పడితే పారిపోవలసింది పారిపోదు. పక్షి పేగులోని 40 డిగ్రీల వేడి తగలగానే పురుగు పరిపక్వమై ఒకటి రెండు రోజుల్లోనే గుడ్లు పెడుతుంది, జె.డి. స్మిత్ 1940లలో పక్షి అవసరం లేకుండానే గాజు గొట్టంలో ఆ ఉష్ణోగ్రత కల్పించి దానిని పెద్దది చేయగలిగాడు. లిగ్యులా అనే మరో బద్దె పురుగు కార్పు కుటుంబపు చేపల పొట్టలో పెరుగుతూ పిట్యూటరీ గ్రంథి స్రావాలను అణచివేసి, చేప అండాశయం ఎదగకుండా చేస్తుంది. గుడ్ల కోసం చేప వెచ్చించవలసిన పోషకమంతా అలా పురుగు పెరుగుదలకు మళ్లుతుంది.

మనిషి ఈ గొలుసులో పక్షి స్థానంలో నిలబడినప్పుడు చేప పురుగు వైద్యసమస్య అవుతుంది. బాల్టిక్ తీరంలోను ఫిన్‌లాండ్ సరస్సుల వద్దను సరిగా ఉడకని చేపను తిన్నవారి పేగులో పది మీటర్ల దాకా పెరిగే వెడల్పు బద్దె పురుగు విటమిన్ బి12ను లాక్కొని రక్తహీనత తెచ్చేది. అంతకన్నా ఘోరమైనవి కాలేయపు జలగలు. వీటిలో క్లోనార్కిస్ అనే దాన్ని మొదట గుర్తించింది భారతదేశంలోనే. 1874లో కలకత్తా వైద్య కళాశాలలో జేమ్స్ మెక్‌కానెల్ ఒక చైనా వడ్రంగి శవపరీక్ష చేస్తుండగా పైత్యనాళాల్లో ఆ పురుగులు కనిపించాయి. అది మంచినీటి చేప ద్వారా మనిషికి చేరుతుందని జపాన్ శాస్త్రజ్ఞుడు హరుజిరో కొబయాషి నిరూపించడానికి మరో మూడున్నర దశాబ్దాలకు పైగా పట్టింది.

దాని సోదరి జాతి ఓపిస్తార్కిస్ వివెర్రినీ థాయ్‌లాండ్ ఈశాన్య ప్రాంతమైన ఇసాన్‌లోను, లావోస్, కంబోడియా, వియత్నాంలలోను సుమారు కోటిమంది శరీరాల్లో ఉందని అంచనా. ఇసాన్ వరిపొలాల్లో, కాలువల్లో ఉండే బితీనియా అనే చిన్న నత్త మలంతో వచ్చిన గుడ్లను మింగుతుంది, దాని నుంచి వెలువడిన డింభకాలు కార్పు కుటుంబపు చిన్న చేపల కండలో చేరతాయి, ఆ చేపలను తరిగి నిమ్మరసం, మిరపకారం, ఆకుకూరలు కలిపి పచ్చిగా తినే కోయి ప్లా అనే వంటకం ఆ ప్రజల ఇంటి తిండి. నిమ్మ పులుపుకు డింభకం చావదు. పేగులో గోడ విప్పుకున్న పిల్ల జలగ పైత్యనాళంలోకి ఎక్కి నెల రోజుల్లో పెద్దదై ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది; నాళం లోపలి పొరను పీకి తింటూ, కణాలు వేగంగా విభజన చెందేలా చేసే గ్రాన్యులిన్ అనే ప్రొటీనును వదులుతూ, మానని పుండును నిత్యం రేపుతూ చివరకు పైత్యనాళపు క్యాన్సర్‌కు దారి తీస్తుంది. ఆ క్యాన్సర్ ప్రపంచంలోకెల్లా ఎక్కువగా ఉన్నది ఇసాన్‌లోని ఖోన్ కేన్ ప్రావిన్స్‌లో. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లో ఈ పురుగును మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదిగా నిర్ధారించి మొదటి వర్గంలో చేర్చింది, 2009లో క్లోనార్కిస్‌ను కూడా చేర్చింది.

ఈ జలగను ప్రాజిక్వాంటెల్ అనే మందు ఒకటి రెండు మోతాదుల్లోనే చంపుతుంది. అయినా సమస్య ఎందుకు తెగలేదన్నది ఈ అధ్యాయానికి కీలకమైన ప్రశ్న. ఈశాన్య థాయ్‌లాండ్‌లో 1981లో సుమారు 35 శాతం మందిలో ఉన్న పురుగు, దశాబ్దాల పాటు మందు పంచినా 2009లో సుమారు 17 శాతం మందిలో మిగిలే ఉంది. మందు మింగినవారు అదే చేపను అదే పచ్చి వంటకంగా తిని మళ్లీ పురుగును తెచ్చుకున్నారు. మందు వల్ల ధైర్యం పెరిగి పచ్చి చేప మానని వారూ ఉన్నారు. ఖోన్ కేన్ విశ్వవిద్యాలయానికి చెందిన బంచోబ్ శ్రీపా బృందం లావా సరస్సు ఒడ్డున ఉన్న గ్రామాల్లో మరో దారి పట్టింది. మనుషులకు మందు ఇవ్వడంతో పాటు, చేప వ్యర్థాలు తిని గుడ్లను విసర్జించే పిల్లులకు, కుక్కలకు కూడా వైద్యం చేశారు, బళ్లలో పిల్లలకు పురుగు జీవితచక్రం నేర్పారు, గ్రామ ఆరోగ్య కార్యకర్తల ద్వారా ఇంటింటికీ మాట చేర్చారు, నత్తలను చేపలను ఎప్పటికప్పుడు పరీక్షించారు. సగటున 60 శాతం దాకా ఉన్న మనుషుల సోకుడు పది శాతం లోపుకు, గరిష్ఠంగా 70 శాతం దాకా ఉన్న చేపల సోకుడు ఒక శాతం లోపుకు దిగింది. చేప పురుగును చేపలో మాత్రమే, మనిషి పురుగును మనిషిలో మాత్రమే చూసినంతకాలం ఈ ఫలితం రాదు. గొలుసును ఒకేసారి అనేక చోట్ల తెంపినందువల్లనే వచ్చింది.

తెలుగు ప్రాంతంలో చేపను పులుసుగానో వేపుడుగానో బాగా ఉడికించి తినే అలవాటు ఉండడం వల్ల మనుషులకు ఈ ముప్పు దాదాపు రాదు. ఇక్కడి నష్టం ముఖ్యంగా చెరువుకు సంబంధించినది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ కొల్లేరు పరిసరాల్లో వేల ఎకరాల్లో విస్తరించిన కార్పు చెరువుల్లో చేపలు కిక్కిరిసి ఉంటాయి, నీరు సేంద్రియ పదార్థంతో చిక్కబడి ఉంటుంది, నత్తలు గట్ల వెంట పెరుగుతాయి, కొంగలు ఎప్పుడూ ఉంటాయి. సహజ జలాల్లో కొద్ది చేపల్లోనే పోగుపడే పురుగు ఇక్కడ అన్నిటికీ అందుతుంది. చేపపిల్లను చెరువులో వదిలేముందు నూటికి రెండు మూడు పాళ్ల ఉప్పు కలిపిన నీటిలో కొద్ది నిమిషాలు ముంచి తీస్తే ఒంటిమీది, మొప్పల మీది పురుగులు చాలావరకు రాలిపోతాయి. కోశం కట్టుకొని కండలో కూర్చున్న జలగ డింభకం మీద మాత్రం ఉప్పుకు ప్రభావం లేదు. దానికి విరుగుడు నత్త దగ్గర ఉంది. పంటకూ పంటకూ మధ్య చెరువును పూర్తిగా ఎండబెట్టి సున్నం చల్లడం, గట్ల వెంట నీటి కలుపును తీసేయడం నత్తలను తగ్గించే నమ్మకమైన పద్ధతులు. పక్షులను చంపడం నేరమే గాక నిష్ఫలం కూడా. కొల్లేరు 1999 నుంచి వన్యప్రాణుల అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ ఒప్పందం కింద గుర్తింపు పొందిన చిత్తడి నేల. అక్కడ పక్షి లేకుండా చెరువును ఊహించడం కుదరదు. నత్తగుల్ల కొంగ వంటి పక్షులు నత్తలనే తింటాయి కూడా.

చేపల రైతులు గమనించవలసినవి ఎక్కువేమీ లేవు. బయటి ఊరి నుంచి తెచ్చిన పిల్లను నేరుగా పెద్ద చెరువులో వదలకుండా కొన్నాళ్లు విడిగా ఉంచి మొప్పలు చూడాలి, చచ్చిన చేపను, కోసిన చేప పేగులను చెరువు గట్టున పారేయకుండా పూడ్చాలి, చేపల్లో బొడిపెలు కనిపిస్తే మందు వెతికేముందు గట్టు మీది నత్తలను చూడాలి. ఇంట్లో చేప కోసేవారు కొర్రమీను కాలేయం మీద బొడిపెలు కనిపిస్తే భయపడనక్కరలేదు. ఆ భాగం తీసేసి మిగిలినదాన్ని మామూలుగా వండుకోవచ్చు, పేగులను మాత్రం పిల్లికీ కుక్కకూ పచ్చిగా వేయకూడదు. చదువు కోసమో ఉద్యోగం కోసమో తూర్పు ఆసియా దేశాలకు వెళ్లే తెలుగువారు నదీ జలాల చేపను పచ్చిగా వడ్డించినప్పుడు నిరాకరించడం మేలు. మైనస్ 20 డిగ్రీల చలిలో ఏడు రోజులు గడ్డకట్టి ఉంచినా, ముక్క నడిమి దాకా 70 డిగ్రీల వేడి అందేలా ఉడికించినా చేపలోని పురుగులు చనిపోతాయి.